మెదడు మీద ఆ మడతలు ఎందుకు? చదివేకొద్దీ పెరుగుతాయా?

వేకువ:
ఆదివారం మటన్ కొట్టులో మేక మెదడు చూసి మా ఎనిమిదేళ్ల పాప "అమ్మా, ఇదేంటి ఇలా ముడతలు పడిపోయింది" అని అడిగింది. కొత్త విషయం నేర్చుకున్నప్పుడల్లా మెదడులో ఒక మడత పడుతుందని చిన్నప్పుడు మా సారు చెప్పేవారు, అదే చెప్పబోయి ఆగిపోయాను, అలాగైతే మేకకి ఎందుకుంటాయి? తెలిసినవాళ్లు చెప్పండి, పాపకి తప్పు చెప్పడం ఇష్టం లేదు.

నల్లరేగడి:
చదువుతో సంబంధం లేదండీ, పెద్ద మడతలన్నీ పుట్టేలోపే పడిపోతాయి. ఐదో నెల దాకా కడుపులో బిడ్డ మెదడు దాదాపు నున్నగా ఉంటుంది, చివరి మూడు నెలల్లోనే ఎక్కువ మడతలు వస్తాయి. పై పొరని కార్టెక్స్ అంటారు. మందం రెండున్నర మిల్లీమీటర్లే, విప్పి పరిస్తే మాత్రం సుమారు 2,000 చదరపు సెంటీమీటర్లు, అందులో మూడింట రెండు వంతులు మడతల లోపలే ఉంటుంది.

కుట్టుమిషన్:
పుర్రె ఇరుకై నలిగిందనుకున్నాను నేను, అది కాదా?

నల్లరేగడి:
కాదు. 2016లో హార్వర్డ్‌లో మహదేవన్ గారి బృందం, మరికొందరితో కలిసి, పిండం మెదడు స్కాన్ చూసి జెల్‌తో నున్నటి మెదడు చేసి, పైన ఇంకో పల్చటి జెల్ పొర వేసి ద్రవంలో ముంచారు. పై పొర ఉబ్బింది, లోపలిది ఉబ్బలేదు, చుట్టూ పుర్రె లేకపోయినా అసలు మెదడులో ఉన్నలాంటి మడతలే పడ్డాయి! ఇంకోటి, మడతలు ఎక్కువుంటే తెలివి ఎక్కువని కూడా కాదు, డాల్ఫిన్ మెదడుకి మనకన్నా ఎక్కువ మడతలుంటాయి.

కుట్టుమిషన్:
ఇప్పుడు అర్థమైంది. ఫాల్ తడిపి ఆరేయకుండా చీరకి కుట్టేస్తే మొదటి ఉతుక్కే ఫాల్ ముడుచుకుపోయి అంచంతా కుచ్చులు పడుతుంది కదా, అలాగే. ఇక్కడ లోపలిది ముడుచుకోదు, పైది ఎక్కువ పెరుగుతుంది, అంతే తేడా.

వేకువ:
అలాంటి చీర మా ఇంట్లోనే ఉంది, పాపకి అదే చూపిస్తా. థాంక్సండీ.

తొలకరి:
మా బాబు 28వ వారంలో పుట్టాడు. అప్పటి స్కాన్‌లో మెదడు చాలా నున్నగా కనిపిస్తే ఎంత టెన్షన్ పడ్డానో, ఆ వయసుకి అంతే ఉంటుందని డాక్టరమ్మ చెప్పాక గానీ ఊపిరి ఆడలేదు. నెలలు నిండే సమయానికి ఇంకోసారి స్కాన్ తీస్తే మడతలు బోలెడు కనిపించాయి, ఇంక్యుబేటర్‌లో ఉండగానే పడ్డాయవి. నెలలు నిండాక కూడా నున్నగానే ఉంటే అది లిస్సెన్‌సెఫాలీ అనే జబ్బు, న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, చేరాల్సిన చోటికి చేరకపోవడం వల్ల వస్తుంది, ఆ పిల్లలకి ఫిట్స్ వస్తాయి, ఎదుగుదల చాలా మందగిస్తుంది. నెలలు తక్కువ పిల్లలున్న అమ్మలెవరైనా ఇది చదివితే, స్కాన్ ఏ వారంలో తీశారో ముందు అడగండి.