‘కలర్డ్ మ్యాన్’, ‘మ్యాన్’: ఒక సంభాషణకు తెలుగు

స్టాన్లీ క్రేమర్ తీసిన ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’ (1967) చిత్రంలో నల్లజాతి వైద్యుడు జాన్ ప్రెంటిస్, తెల్లజాతి అమ్మాయితో తన పెళ్లికి అడ్డుచెప్పిన తండ్రితో ‘యూ థింక్ ఆఫ్ యువర్‌సెల్ఫ్ యాజ్ ఎ కలర్డ్ మ్యాన్. ఐ థింక్ ఆఫ్ మైసెల్ఫ్ యాజ్ ఎ మ్యాన్’ అంటాడు. ఈ మాటకు తెలుగు ఏమిటన్న ప్రశ్న వచ్చింది, కొందరు తమ తమ అనువాదాలు, సూచనలు ఇచ్చారు కనుక, నాకు తోచింది రాస్తున్నాను.

ముందుగా ఆ పెళ్లిని ఏమనాలి? కొందరు ‘వర్ణాంతర వివాహం’ అన్నారు. వర్ణమంటే రంగే కాబట్టి అది అతికినట్టే కనిపిస్తుంది గాని, సంఘసంస్కరణ కాలం నుంచి మనవారు ఆ మాటను కులాంతర వివాహానికి వాడుతూ వచ్చారు. 1938 నాటి ‘మాలపిల్ల’ సినిమా కథకు అది ఒప్పుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే ఈ కథకు వాడితే చదివేవారి మనసు వెంటనే కులం మీదికి పోతుంది. ‘నల్లజాతి’, ‘తెల్లజాతి’ ఇప్పటికే వాడుకలో ఉన్నాయి కాబట్టి ‘జాత్యంతర వివాహం’ మేలు.

ఇక అసలు మాట. తపాలా సంచి మోసి కొడుకును చదివించిన ఆ తండ్రి, పదహారు పదిహేడు రాష్ట్రాల్లో ఈ పెళ్లి నేరమని హెచ్చరిస్తాడు. అది అతిశయోక్తి కాదు. అటువంటి చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది 1967 జూన్ 12న, చిత్రీకరణ ముగిసిన తరువాతే. తండ్రికి కొడుకు చెప్పే జవాబును నేనిలా రాస్తాను: ‘నువ్వు నిన్ను నల్లజాతి మనిషివనుకుంటావు. నేను నన్ను మనిషిననుకుంటాను.’ ఇంగ్లీషు ‘మ్యాన్’లో మగవాడు, మనిషి రెండూ ఉన్నాయి, ఇక్కడ ‘మగవాణ్ణి’ అంటే అర్థమే చెడుతుంది. పైగా మన భాషలోనూ విశేషణం ముందే వస్తుంది కాబట్టి, రెండో వాక్యంలో ‘నల్లజాతి’ రాలిపోయి ‘మనిషి’ ఒక్కటే మిగలడం చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. ‘నల్లవాడు’ అని రాసినవారు ఈ బలాన్ని పోగొట్టుకున్నారని నా అభిప్రాయం, ఎందుకంటే రెండో వాక్యంలో మిగలవలసిన ‘మనిషి’ ఆ మాటలో లేనే లేదు.

తండ్రిని ‘మీరు’ అనాలన్న సూచనతోనూ నేను ఏకీభవించలేను. ఈ మాటకు సరిగ్గా ముందు జాన్, నువ్వు నా తండ్రివి, నేను నీ కొడుకుని, నువ్వంటే నాకు ప్రేమ, ఎప్పటికీ ఉంటుంది అంటాడు. అంతవరకూ కోపంతో ఊగిపోయిన గొంతు అక్కడ మెత్తబడుతుంది. ఆ కోపమూ ఆ ప్రేమా రెండూ ఇమడగలిగేది ‘నాన్నా, నువ్వు’లోనే.