సమస్య: కడలి యడుగెక్కి కూర్చుండె గట్టుమీఁద

నిర్వాహకులు: ఒమాన్‌లోని హజర్ పర్వతాల గురించి చదువుతుంటే ఈ పాదం నోట పడింది. అగస్త్యుణ్ణి పిలవొద్దు. రాళ్లే సాక్ష్యం చెప్పాలి. కానివ్వండి.

శిలాప్రియ:
ఎండ కాల్చెడి యొమనులో నేమి వింత!
పూర్వ టెథిసబ్ధి గర్భానఁ బుట్టినట్టి
పలక లొరసిన వేళలోఁ బైకిఁ దేలి
కడలి యడుగెక్కి కూర్చుండె గట్టుమీఁద

గండశిల: ఎత్తుగడ హాయిగా ఉంది. ‘టెథిసబ్ధి’ (ఒకప్పటి టెథిస్ సముద్రం) వైరిసమాసమే, పరాయి పేరు కదా అని వదిలేద్దాం. నా అభ్యంతరమల్లా ‘పైకిఁ దేలి’ మీద. సముద్రపు పలక ఖండం కంటే బరువు, దాని అడుగున ఉన్నది మాంటిల్ (భూమి పైపొర కిందున్న మందపాటి పొర) రాయి, పెరిడొటైట్. బరువైనది తేలదు. హజర్ కొండల్లోని సెమాయిల్ ఓఫియోలైట్ (ఖండం మీదికి చేరిన సముద్రపు నేల ముక్క) పుట్టింది సుమారు 9.5 కోట్ల ఏళ్ల కిందట. ఆ తర్వాత అరేబియా ఖండపు అంచే వచ్చి దాని కిందికి దూరింది. నా పూరణ:

అరబు ఖండంపుటంచు తా నడుగుఁ జేరె,
దూరి పైనున్న సంద్రంపుఁ దొడుగు మోసె,
ఎక్కు కష్టమే యెఱుఁగక యిట్టు లౌర
కడలి యడుగెక్కి కూర్చుండె గట్టుమీఁద

నిర్వాహకులు: ‘ఎక్కు కష్టమే యెఱుఁగక’... భేష్! ఎక్కిందని నేనంటే, ఎక్కకుండానే ఎక్కించారు. దీనికి సాక్ష్యమూ ఉంది. మస్కట్‌కు ఆగ్నేయాన అస్ సిఫా తీరంలో ఎక్లోగైట్ అనే రాయి కనిపిస్తుంది. ఖండపు అంచు రాయి పదుల కిలోమీటర్ల లోతుకు దిగితేనే అలా మారుతుంది. వయసు సుమారు 8 కోట్ల ఏళ్లు. లోతుకు పోయిన ఆ ఖండపు ముక్క తేలిక కాబట్టి మళ్లీ పైకొచ్చింది.

శిలాప్రియ: అంటే తేలడం జరిగింది! ‘తేలి’కి కర్త మారితే చాలు. గండశిల గారూ, ఇదివరకటి సినాయ్ కొండల సమస్యకు మీరు ‘గ్రానైటు పొరలు’ అని రాసినప్పుడు ఇంత పట్టింపు చూపలేదే? భూమి లోపల శిలాద్రవం నెమ్మదిగా చల్లారితే గ్రానైటు. దానికి పొరలెక్కడివి?

గండశిల: అడుగున గ్రానైటు, దాని మీద ఇసుకరాతి పొరలు. అదీ అన్వయం. ఆ పద్యం మళ్లీ చదవండి.

తేటనీరు: నాదీ ఒకటి.
నీటిలోఁ జల్లబడి నాఁడు నిల్చినట్టి
కరిగి పొంగిన లావలే కొత్త దిండ్లు,
వాదిలోఁ గానవచ్చెడు వరుసఁ జూడ
కడలి యడుగెక్కి కూర్చుండె గట్టుమీఁద

శిలాప్రియ: రెండో పాదంలో యతి తప్పింది. ‘క’కు ‘కొ’ చెల్లదు. ‘కొత్త’ తీసి ‘గట్టి’ పెట్టండి, అర్థం కూడా బలపడుతుంది. భావం మాత్రం అద్భుతం. చల్లటి నీరు తగలగానే లావా పైచర్మం బిగిసి, లోపలిది దిండులా ఉబ్బుతుంది. ఒమాన్‌లోని వాదీ జిజ్జీలో (వాదీ అంటే ఎండిన ఏటి లోయ) ఆ దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే ఉంటాయి. నీళ్ల కింద పుట్టాయనడానికి అంతకంటే రుజువేం కావాలి!

గండశిల: యతి విషయంలో శిలాప్రియ గారి మాటే నా మాట. అన్నట్టు ‘మోహో’ని ఎవరూ ముట్టుకోలేదేం? సముద్రపు నేల కింద ఆరేడు కిలోమీటర్ల లోతున ఉండే క్రస్టు (భూమి పైపొర), మాంటిల్ సరిహద్దు అది. ఒమాన్‌లో దాన్ని నడిచి దాటొచ్చు. శిలాప్రియ గారే రాయాలి, ఈసారి ‘తేలి’ లేకుండా.