చంద్రుడి ఫోటో అసలు సైజులో ఎక్కడ దొరుకుతుంది? బడి ఫ్లెక్సు కోసం

రాజాం_లెక్కల_మాస్టారు:
మా బడిలో సైన్స్ ఫెయిర్. ఆరడుగుల చదరం ఫ్లెక్సు వేయించాలి. చంద్రుడి మీద వ్యోమగామి నిలబడి ఉంటాడు, హెల్మెట్ అద్దంలో ఇంకొకాయన కనబడతాడు చూడండి, ఆ ఫోటో. గూగుల్లో దొరికింది పట్టుకెళ్తే షాపులో "మాస్టారూ, ఇది గోడకెక్కితే గళ్ల లుంగీయే" అన్నారు. అపోలో యాత్రల ఫోటోలు అసలు సైజులో ఎక్కడున్నాయి? చంద్రయాన్‌వి కూడా దొరుకుతాయా? పర్మిషన్ ఏమైనా కావాలా?

గంటస్తంభం_దగ్గర:
ఇమేజెస్ డాట్ నాసా డాట్ గవ్. ఫోటో మీద వేలు నొక్కిపెట్టి సేవ్ చేస్తే చిన్నదే వస్తుంది. డౌన్‌లోడ్ నొక్కితే సైజుల వరస వస్తుంది, అందులో ఒరిజినల్ తీసుకోండి. ఇంకో ముక్క, దించాక వాట్సాప్‌లో పంపకండి. నేను పంపాను. పావలా వంతు కూడా మిగల్లేదు.

నాగావళి_గట్టు:
ఆ సైటు కొత్తవాళ్లకి. నేను పదేళ్లుగా ఇవే దించుతున్నాను, రెండు టీబీల డిస్కు నిండిపోయింది. ఫోటోని పేరుతో కాదు, నంబరుతో వెతకాలి. మీరడిగింది ఏఎస్11-40-5903. 11 అంటే అపోలో 11, 40 అంటే ఫిల్ము డబ్బా (మ్యాగజైన్), చివరిది ఫ్రేము. ఫ్లికర్‌లో ప్రాజెక్ట్ అపోలో ఆర్కైవ్ అని ఉంది, 2015లో ఎనిమిది వేలకు పైగా పెట్టారు. ఒక్కోటి పొడవూ వెడల్పూ దాదాపు నాలుగు వేల పిక్సెళ్లు. అదీ చాలదంటే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల మార్చ్ టు ద మూన్. ఫిల్మునే స్కాన్ చేసిన టిఫ్ అనే భారీ ఫైళ్లు, వందల ఎంబీలు.

ఫ్లెక్స్_బావ:
టిఫ్ తేవద్దు బావూ, మా సిస్టమ్ పడుకుంటది. పోయినేడు ఒకాయన పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. అది తెరుచుకునేలోపు రెండు పెళ్లి బ్యానర్లు కొట్టేశాను. ఆరడుగులంటే 72 అంగుళాలు. నాలుగు వేల పిక్సెళ్లంటే అంగుళానికి 55. ఫ్లెక్సుకి ఇంకేటి కావాలి?

సూర్యమహల్_స్టూడియో:
55 ఆ? 300 లేనిది ప్రింటు ఎలా అవుతుందండీ?

ఫ్లెక్స్_బావ:
300 అంటే 21,600 పిక్సెళ్లు. మీరు తెచ్చి ఇస్తారా? మీ ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని చూస్తారు, మా ఫ్లెక్సు రోడ్డవతల నుంచి చూస్తారు.

రాజాం_లెక్కల_మాస్టారు:
5903 దించాను. కానీ తల పైన చోటే లేదు, అంచుకి ఆనుకుపోయింది. మనిషి కూడా కాస్త ఒరిగి ఉన్నాడు. పుస్తకాల్లో చూసినదాంట్లో పైన బోలెడు నల్లటి ఆకాశం ఉంటుంది కదా. నాకు వచ్చింది తప్పు ఫైలా?

నాగావళి_గట్టు:
అదే ఒప్పు ఫైలు. ఫోటో తీసిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఛాతీకి కెమెరా బిగించి ఉంది, చూసి గురిపెట్టే వ్యూఫైండర్ లేదు. ఒళ్లు తిప్పి, అంచనా మీద నొక్కాడు. ఫోటోలో ఉన్న ఆల్డ్రిన్ వీపు సంచి మీది యాంటెనా కొస తెగిపోయింది. తర్వాత బయటికిచ్చినప్పుడు పైన నలుపు అతికించారు. అందరూ ఒరిజినల్ కావాలంటారు, చూపిస్తే పాడైపోయిందంటారు.

ఫ్లెక్స్_బావ:
నలుపే కదా, రెండు నిమిషాల పని. నాలుగు చుక్కలు కూడా వేసేస్తాను, ఖాళీగా ఉంటే బోసిగా ఉంటది. మొన్న ఇలాంటిదే ఒకటొస్తే దాని నిండా ప్లస్ గుర్తులు. దుమ్మనుకుని ఒక్కోటీ తుడిచి శుభ్రం చేసి ఇచ్చాను.

నాగావళి_గట్టు:
అయ్యా! అది దుమ్ము కాదు. కెమెరా లోపల ఫిల్ముకి ముందు గాజు పలక ఉంటుంది, దాని మీద సెంటీమీటరుకొకటి చొప్పున చెక్కిన గుర్తులవి. ఫోటోలో దూరాలు కొలవడానికి. మీరు శుభ్రం చేసింది స్కేలుని. ఇక చుక్కలంటారా, మాస్టారూ దయచేసి వేరే షాపు చూసుకోండి.

నిజం_పలుకుతా:
అసలు చుక్కలెందుకు లేవో ఎవరికీ అనుమానం రాలేదా? చంద్రుడని చెప్పి వేసిన సినిమా సెట్టింగులో చుక్కలు పెట్టడం మర్చిపోయారు.

మూడులాంతర్లు:
తొలేళ్ల పండగ రాత్రి మా జంక్షన్‌కి రా తమ్ముడూ. లైట్ల కింద నిలబడ్డ మనిషిని ఫోనుతో తీయి. వెనక ఆకాశంలో ఒక్క చుక్క పడిందేమో చూపించు. అక్కడ పట్టపగటి ఎండ, తెల్ల సూటు. దానికి తగ్గట్టు కెమెరా పెడితే చుక్కలు పడవు.

నిజం_పలుకుతా:
నాకు పాఠాలు చెప్పొద్దు.

గంటస్తంభం_దగ్గర:
చంద్రయాన్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇస్రో వాళ్ల ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే చంద్రయాన్-2 డేటా ఇస్తారు, డబ్బులేం లేదు. కానీ జేపెగ్ వస్తుందనుకుని నేను దించితే ఏదో పీడీఎస్4 అట, శాస్త్రవేత్తలు వాడే డేటా ఫార్మాట్. ఫోను నా మొహం, నేను ఫోను మొహం చూసుకున్నాం. కంప్యూటర్లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేస్తే తెరుచుకుంటుంది.

ఉద్దానం_పిల్ల:
మధ్యలో నాదొకటి. నాసా వరల్డ్‌వ్యూ అనే ఉపగ్రహ చిత్రాల సైటులో తారీకు మార్చి పాత రోజుల భూమిని కూడా చూడొచ్చని ఎవరో చెబితే 2018 అక్టోబర్ 10 పెట్టాను. సుడి సముద్రం మీద ఉంది. తెల్లారితే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోట ఎక్కడుందో అని పెద్దది చేసుకుంటూ వెళ్లాను. పిక్సెల్‌కి 250 మీటర్లు, అంటే ఒక్క గడిలో పదిహేనెకరాలు. నాన్న తోట మూడెకరాలు. ఆ గడిలో మూలకి కూడా రాదు. అయినా సేవ్ చేసుకున్నాను.

ఫ్లెక్స్_బావ:
అది నాకు పంపమ్మా. డాక్యుమెంటుగా పంపు. డబ్బులొద్దు, ఫ్రేముకి సరిపడా చిన్నది కొట్టిస్తాను.

సూర్యమహల్_స్టూడియో:
ఫ్రేమంటే ఫోటో పేపరు మీద వేయాలి. దానికి 300 కావాలి. నా దగ్గరకి పంపండమ్మా.

రాజాం_లెక్కల_మాస్టారు:
పర్మిషన్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మూడులాంతర్లు:
నాసా ఫోటోలకి సాధారణంగా కాపీరైట్ ఉండదు, బడికి భేషుగ్గా వాడుకోండి. లోగో జోలికి మాత్రం వెళ్లకండి. మా వీధిలో ఒక ట్యూషన్ బోర్డు మీద ఆ లోగో మూడేళ్లుగా వెలుగుతోంది, అది వేరే సంగతి.

రాజాం_లెక్కల_మాస్టారు:
ఫ్లెక్సు వచ్చేసింది. గోడకి కట్టాం, దగ్గరకెళ్తే అద్దంలో ఆర్మ్‌స్ట్రాంగ్ కనబడుతున్నాడు. పైన నలుపు అతికించక తప్పలేదు, చుక్కలు వేయనివ్వలేదు. హెడ్మాస్టరు గారు చూసి, అంత చోటు ఊరికే ఎందుకు వదిలేశారు, బడి పేరు వేయాల్సింది కదా అన్నారు. రేపు మళ్లీ షాపుకి వెళ్తున్నాను.

ఫ్లెక్స్_బావ:
రండి మాస్టారూ. పసుపు రంగులో అక్షరాలు రెడీగా ఉన్నాయి.