టెంకారా కర్రతో చేప దగ్గరదాకా వచ్చి వెనక్కి పోతోంది, తప్పెక్కడ?

కోనసీమ కాలువ (షార్లెట్, నార్త్ కరొలైనా):

అందరికీ నమస్కారం. రీలు లేని జపాను గాలం, అదే టెంకారా, మొదలుపెట్టి నెలైంది. 12 అడుగుల కర్ర, ఒకదాంట్లోకి ఒకటి దూరి సంచిలో పట్టేది, కొన్నాను. చిన్నప్పుడు పంట కాలువ గట్టున వెదురు కర్రకి నైలాను దారం కట్టి, వానపాము గుచ్చి పరిగెలూ జెల్లలూ పట్టినవాణ్ణి. ఇదీ అలాగే ఉంటుందనుకున్నాను.

రెండు శనివారాలు స్మోకీ కొండల్లో ఎల్క్‌మాంట్ దగ్గర లిటిల్ రివర్‌కి వెళ్ళాను. ట్రౌట్లు, అంటే చల్లటి వాగుల్లో బతికే చేపలు, కళ్ళకి కనిపిస్తూనే ఉన్నాయి. కొన్ని పైకి లేచి, పురుగులా కనిపించేలా ఈకలు చుట్టిన ముల్లు దాకా వచ్చి, చూసి వెనక్కి తిరిగిపోయాయి. ఒక్కటీ పడలేదు. ముల్లు రంగు మార్చాలా? దారం ఎంత పొడుగుండాలి? వానపాము పెట్టుకోవచ్చా? మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడికీ నేర్పాలని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కొండవాగు (నాక్స్‌విల్, టెనెసీ):

రంగు జోలికి పోకండి. చేప పైకి లేచిందంటే ముల్లు దానికి నచ్చినట్టే. దగ్గరికొచ్చాక తిరిగిపోయిందంటే ముల్లు నడక నచ్చలేదని. మీ దారం నీళ్ళ మీద పడుకుంటోందని నా అనుమానం.

ఏట్లో నీళ్ళన్నీ ఒకే వేగంతో పోవు. నడిమధ్య ఒరవడి, బండ వెనకాల నిదానం. చేప నిదానంగా ఉన్నచోట నిలబడి, పక్కన ఒరవడిలో కొట్టుకొచ్చే పురుగుని అందుకుంటుంది. మీరు ముల్లుని నిదానపు నీళ్ళలో వేశారు, దారం మధ్యలో ఒరవడి మీద పడింది. ఒరవడి దారాన్ని లాగుతుంది, దారం ముల్లుని లాగుతుంది. అలా పక్కకి ఈడ్చుకుపోయే పురుగు ఏట్లో ఉండదు, చేపకి ఆ సంగతి తెలుసు. టెంకారాకి ఇంత పొడుగు కర్ర ఉన్నది విసరడానికి మాత్రమే కాదు, దారాన్ని నీళ్ళకి తగలకుండా ఎత్తిపట్టడానికి. కర్ర కొన పైకి ఉంచండి. చివరి సన్నదారంలో ఒక అడుగు, ముల్లు, ఇవి తప్ప ఏదీ తడవకూడదు. సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి ముల్లు పక్కన తేలే నురుగుని చూడండి. రెండూ కలిసి నడుస్తుంటే బాగున్నట్టు.

దీనికి బరువు దారం పనికిరాదు, మధ్యలో వేలాడిపోతుంది. ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ దారం, 3.5 నంబరు మందం, నారింజ రంగుది తీసుకోండి. ఆ రంగు చేపకి కాదు, మీ కంటికి. మొదట్లో కర్ర కంటే ఒక అడుగు తక్కువే కట్టండి, దాని కొసకి మూడడుగుల సన్నదారం, 5ఎక్స్ అనే మందంది. అంతకంటే మందం సన్నదారం వద్దు. గట్టిగా లాగినప్పుడు తెగాల్సింది దారం, విరగాల్సింది కర్ర కాదు.

ఇక మీ కాలువ అలవాటు. అక్కడ బెండు వేసి కూర్చుంటే చేపే వస్తుంది. ఇక్కడ మీరే చేప దగ్గరికి నడవాలి. ట్రౌట్ ఒరవడికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుంది కాబట్టి కింది నుంచి పైకి, దాని వెనకనుంచి, వంగి నడవండి. మీ నీడ మడుగులో పడకూడదు. ఒక్కో చోట నాలుగైదుసార్లు వేయండి, లేకపోతే ముందుకి కదలండి. బెండు లేదు కాబట్టి దారమే బెండు: అది ఆగినా, వణికినా, నీళ్ళలో తళుక్కుమన్నా వెంటనే మణికట్టుతో చిన్నగా ఎత్తండి. చేప ముల్లుని నోట్లో పెట్టుకుని క్షణంలో ఉమ్మేస్తుంది. పరిగెని గట్టుమీదికి ఎగరేసినట్టు లాగొద్దు, సన్నదారం తెగుతుంది.

వానపాము అసలు కుదరదు. స్మోకీ పార్కులో ఒంటి ముల్లున్న కృత్రిమ ఎర మాత్రమే. టెనెసీ, నార్త్ కరొలైనా రెంటిలో ఏ రాష్ట్రపు లైసెన్సున్నా పార్కంతా చెల్లుతుంది, బాబుకి ఆ వయసులో అక్కర్లేదు. పార్కు పక్కనున్న గాట్లిన్‌బర్గ్ ఊరి నీళ్ళకి, చెరోకీ తెగవాళ్ళ నీళ్ళకి మాత్రం వేరే అనుమతి. ఇంకొకటి, రాళ్ళు కదిలించి మడుగులు కట్టకండి. హెల్‌బెండర్ అని పెద్ద సాలమాండర్, బల్లిలా కనిపించే నీటి జీవి, ఆ రాళ్ళకిందే బతుకుతుంది.

మడుగులు (ఒకుతామా, టోక్యో):

పై జవాబుకి ఒక్క మాట కలుపుతాను. ఈ పద్ధతి కొండపల్లెల్లో చేపలమ్ముకుని బతికినవాళ్ళది. ఇవానా, యమామే, అమగో అనే కొండవాగు చేపలు పట్టి సత్రాలకి ఇచ్చేవాళ్ళు. నాలుగు పురుగుల పేర్లు తెలుసుకుని నలభై రకాల ముళ్ళు కట్టే తీరిక వాళ్ళకి లేదు. ఇక్కడ కెబారి అంటారు, వెంట్రుకల ముల్లు అని అర్థం. అందులో సకాసా కెబారికి ఈకలు వెనక్కి కాకుండా ముల్లు కన్ను వైపుకి, ముందుకి తిరిగి ఉంటాయి. కర్ర కొనని చిన్నగా తడితే ఆ ఈకలు మూసుకుని తెరుచుకుంటూ ఊపిరి పీల్చినట్టు కదులుతాయి. అమెరికాకి 2009లో టెంకారాని పరిచయం చేసినవాళ్ళలో ఒకరైన ఇషిగాకి హిసావో గారు కూడా ఒకే రకం కెబారి వాడతారు. ముల్లు మార్చే సమయంలో ఇంకో నాలుగు చోట్ల వేయడం మేలని నా అనుభవం కూడా.

మా వైపు వచ్చేవాళ్ళుంటే: ఆ నది చేపలవాళ్ళ సహకార సంఘం అమ్మే రోజు టికెట్టు ముందే కొనాలి. చాలా నదుల్లో మార్చి నుంచి సెప్టెంబరు దాకానే అనుమతి. ఎలుగుబంట్లున్న అడవి, సంచికి గంట కట్టుకోండి.

కోనసీమ కాలువ:

దారం నీళ్ళలో పడుకుంటోందన్న మాట నిజమే. ఆదివారం కర్ర కొన ఎత్తిపట్టి చూశాను, రెండో గంటలోనే నా అరచేయంత బ్రూక్ ట్రౌట్ పడింది. పొట్టకింద ఎరుపు, రెక్కల అంచున తెల్లటి గీత! తిరిగి వదిలేశాను. చాలా కృతజ్ఞతలండీ.

కొత్త ఇబ్బంది. ఇంటికొచ్చాక కర్రలో ఒక ముక్క ఇరుక్కుపోయి లోపలికి పోవట్లేదు. ఇంకోటి, బాబుని కొండల్లోకి కాకుండా ముందు మా ఇంటి దగ్గర చెరువుకి తీసుకెళ్ళొచ్చా?

కొండవాగు:

చాలా సంతోషం. ఆ చేపలే ఈ కొండల సొంత ట్రౌట్లు. రెయిన్‌బో, బ్రౌన్ బయటినుంచి తెచ్చి వదిలినవి.

కర్రని మెలితిప్పకండి, అలా తిప్పే చాలామంది విరగ్గొట్టుకుంటారు. తుడిచి ఆరబెట్టండి. రెండు చేతులకీ వంటింటి రబ్బరు తొడుగులు వేసుకుని, అతుకుకి రెండువైపులా దగ్గరగా పట్టుకుని తిన్నగా లోపలికి నెట్టండి. ఇకనుంచి తెరిచేటప్పుడు సన్న కొస నుంచి, మూసేటప్పుడు పిడి దగ్గరి లావు ముక్క నుంచి మొదలుపెట్టండి. ముల్లు చెట్టుకి తగులుకుంటే కర్ర వంచి లాగొద్దు. కర్ర మూసేసి దారాన్ని చేత్తో లాగండి. ఉరుము వినబడితే కర్ర వెంటనే మూసి గట్టెక్కాలి, కర్ర కార్బన్‌ది, అందులో కరెంటు పాకుతుంది.

జూలై, ఆగస్టుల్లో థర్మామీటరు పట్టుకెళ్ళండి. నీళ్ళు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ట్రౌట్‌ని వదిలినా బతకడం కష్టం. ఆ రోజు ఇంకా ఎత్తున ఉన్న చల్లటి వాగుకి వెళ్ళాలి, లేదా మానుకోవాలి.

రెండు చెరువులు (డాలస్):

బాబుకి చెరువే మంచిది. ఏరు పెద్దవాళ్ళనే జారుస్తుంది. బ్లూగిల్ అనే చిన్న చెరువు చేపలు గట్టు దగ్గరే ఉంటాయి, కర్రా దారం అందేంత దూరంలోనే. వేసవి మొదట్లో అడుగున ఇసుకలో పళ్ళేల్లాంటి గుంటలు తవ్వి గుడ్లు పెడతాయి, గుంపుగా కనిపిస్తాయి. పిల్లవాడికి ఓపిక పోకముందే ఒకటి పడుతుంది. గుడ్లకి కాపలా కాసే చేపల్ని మాత్రం పట్టిన వెంటనే వదిలేయండి.

చెరువు మీద గాలి ఎక్కువ, సన్నటి ఫ్లోరోకార్బన్ దారం ఎగిరిపోతుంది. అక్కడ పేనిన బరువు దారం కట్టండి, గాలిని వీపు వైపు ఉంచుకోండి. నీళ్ళు నిలిచి ఉంటాయి కాబట్టి ముల్లుని తోసుకొచ్చే ఒరవడి ఉండదు. ముల్లు మునిగాక మూడు లెక్కపెట్టి, కొనని కొద్దిగా తట్టి, ఆపి, మళ్ళీ తట్టమనండి.

బాస్ అనే చేప, పెద్దది, పట్టిందనుకోండి, దారం వదలడానికి రీలు లేదు. చేపతో పాటు గట్టున నడవాలి. అయినా ఆగకపోతే కర్రని తిన్నగా చేప వైపు చూపిస్తే సన్నదారం తెగి కర్ర మిగులుతుంది. ఈ సంగతి బాబుకి వెళ్ళేముందే చెప్పండి. ముల్లు మీది ఎదురుకొనని శ్రావణంతో నొక్కేయండి, చేపకీ వేలికీ సులువుగా ఊడుతుంది. ఇద్దరూ కళ్ళజోళ్ళు పెట్టుకోవడం మర్చిపోకండి.