అప్‌డేట్: గాజువాక ట్రైలరా, బార్బిల్ టిప్పరా?

నేనడిగింది ఇదీ: హెవీ లైసెన్స్ ఉన్నవాడికి విశాఖ పోర్టు, స్టీల్‌ప్లాంట్ లోడ్లు మేలా, ఒడిశాలో బార్బిల్ గనుల పని మేలా? మీ జవాబులు చూశాక విశాఖ పనికే, అంటే గాజువాకకే ఓటేశాను.

లైసెన్స్‌తో పేచీ లేదు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది, 5 ఏళ్లకోసారి రెన్యువల్. చిక్కంతా బండితోనే. నేషనల్ పర్మిట్ (వేరే రాష్ట్రాలకు సరుకు తోలే అనుమతి) ఉన్నా ఏపీ నంబరు లారీ ఒడిశాలో ఎత్తిన సరుకు ఒడిశాలోనే దించకూడదు. బార్బిల్ నుంచి ఒడిశాలోనే ఉన్న పారాదీప్ పోర్టుకి తోలాలంటే అక్కడి నంబరు బండి, అక్కడి ఓనరు కావాల్సిందే.

పైగా ఖనిజం తోలడానికిచ్చే ఆన్‌లైన్ అనుమతి చీటీకి (ఈ-పాస్) గడువుంటుంది. జామ్‌లో అది దాటిందా, బండి ఆగినట్టే. ఆ హాల్టింగ్ (బండి ఆగినందుకిచ్చే డబ్బు) ఎవరిస్తారో ముందే తేల్చుకోవాలి. నోటిమాటకు విలువ లేదు. ఇనుప ఖనిజం బాడీ నిండకముందే బరువు పరిమితి దాటేస్తుంది. ఓవర్‌లోడ్‌కి చట్టంలో జరిమానా 20,000, ఆపైన అదనపు టన్నుకి 2,000. వేబ్రిడ్జి (లారీ తూకం) చీటీ చూడకుండా గేటు దాటొద్దు.

ఇక్కడ గాజువాకలోనూ సుఖం లేదు లెండి. కంటైనర్‌కి పోర్టు గేటు దగ్గర పడిగాపులు. కంటైనర్‌ని ట్రైలర్‌కి పట్టి ఉంచే ట్విస్ట్‌లాక్ నాలుగు మూలలా పడిందో లేదో దిగి చూడాలి. స్టీల్ కాయిల్‌కి (ఉక్కు రేకు చుట్టకి) ముందూ వెనకా దిమ్మలు, పైన గొలుసులు బిగించాలి. లేదంటే సడన్ బ్రేక్‌కి కాయిల్ క్యాబిన్ మీదకే వస్తుంది. రాయ్‌పూర్ లోడైతే దారిలో సాలూరు ఘాట్ (కొండదారి) ఉంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచితే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. దిగుడు మొదలవకముందే చిన్న గేరు, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగను అడ్డగించి వేగం తగ్గించేది) వెయ్యాలి.