ప్రాంతీయ ఫౌండేషన్‌కి హెడ్‌గా ఎన్జీఓ మనిషి కావాలా, బ్యాంకు మనిషా?

ఫీల్డ్‌మనిషి:
పదహారేళ్లు ఎన్జీఓలో చేశానండి, అందులో చివరి ఆరేళ్లు డైరెక్టర్‌గా. ఇప్పుడు ఒక్క ప్రాంతానికే గ్రాంట్లిచ్చే కమ్యూనిటీ ఫౌండేషన్ ఒకటి హెడ్ పోస్టు ఇంటర్వ్యూకి పిలిచింది. బోర్డులో సగం మంది మాత్రం బ్యాంకు, ఇన్వెస్ట్‌మెంట్ అనుభవం ఉన్నవాళ్లే కావాలంటున్నారట. నాకైతే డబ్బు కోసం తలుపులు తట్టినవాళ్లకే అది ఎలా ఇవ్వాలో తెలుస్తుందనిపిస్తుంది. మీరేమంటారు?

లెక్కలపుస్తకం:
నేను ఒప్పుకోను. ఫౌండేషన్‌లో మొదటి పని అసలు సొమ్ము తరగకుండా చూడటం. అమెరికాలో ఫౌండేషన్లు ఏటా ఆస్తుల్లో సుమారు 5 శాతం పంచి తీరాలని రూలు, అంత ఇస్తూ ధరల పెరుగుదలని కూడా తట్టుకోవాలంటే మార్కెట్ తెలియాలి కదా. ఇంకోటి, మీరు కూర్చున్నాక మీ పాత సంస్థకీ మీ పాత స్నేహితులకీ చెక్కులు పోవని గ్యారంటీ ఏంటి?

ఫీల్డ్‌మనిషి:
ఆ 5 శాతం రూలు ఒక కుటుంబమో కంపెనీయో పెట్టుకునే ప్రైవేట్ ఫౌండేషన్లకండీ, అక్కడ కమ్యూనిటీ ఫౌండేషన్లు చాలామంది విరాళాలతో నడిచే పబ్లిక్ చారిటీల కింద వస్తాయి, వాటికది లేదు. అసలు ఈ కమ్యూనిటీ ఫౌండేషన్ పద్ధతి మొదలెట్టింది బ్యాంకు మనిషే, 1914లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్. ఎప్పుడో చనిపోయిన దాత రాసిన షరతులకి డబ్బు కట్టుబడిపోయి, అవసరాలు మారినా ఎవరికీ పనికిరాకుండా పోవడం ఆయన కళ్లారా చూశాడు. అందుకని డబ్బు కాపాడటం బ్యాంకుకి వదిలేసి, ఎవరికివ్వాలో తేల్చడానికి ఊరివాళ్లతో వేరే కమిటీ పెట్టాడు. అంటే ఈ రెండూ వేరు వేరు పనులని బ్యాంకరే ఒప్పుకున్నట్టు. పెట్టుబడులకి ఇన్వెస్ట్‌మెంట్ కమిటీ, సలహాదారులు ఉంటారు, కానీ గ్రాంటు షరతు ఒకటి డబ్బు తీసుకున్న సంస్థని ఏం చేస్తుందో వాళ్లకెవరు చెప్తారు?

మాకు జరిగింది చెప్తా. ఒక పెద్ద గ్రాంటు వచ్చింది, ప్రాజెక్టుకి తప్ప జీతాలకి పైసా వాడొద్దన్నారు. మా అకౌంటెంట్‌కి జీతం పెంచలేకపోయాం, ఏడాది మధ్యలో వెళ్లిపోయింది, రిపోర్టులు లేటయ్యాయి, ఆ లేటు చూపించి మరుసటి ఏడాది గ్రాంటు ఆపేశారు. పిల్లల క్లాసులు మూడు మూతబడ్డాయి. ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, మాకు లెక్కలు చూసే మనిషి అవసరమని వాళ్లకి తట్టలేదంతే. అమెరికా కోటీశ్వరురాలు మెకంజీ స్కాట్ షరతుల్లేకుండా ఇస్తుంటే అన్ని సంస్థలు ఎందుకు ఊపిరి పీల్చుకున్నాయో ఆ ఏడాది తర్వాత నాకు బాగా అర్థమైంది.

పాత స్నేహితుల సంగతి మాత్రం మీరన్నది న్యాయమే, దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు.

నిద్రపట్టనివాడు:
నేను మీలాగే ఎన్జీఓ నుంచి ఫౌండేషన్‌కి వచ్చా. ఒకటే హెచ్చరిక అక్కా, ఆ కుర్చీలో కూర్చున్న రోజు నుంచి మీకెవరూ నిజం చెప్పరు, ప్రతి ప్రాజెక్టూ సూపర్ సక్సెస్ అనే అంటారు, నిన్నటిదాకా మీతో పోట్లాడినవాళ్లు కూడా. సగం పోయిన ప్రాజెక్టు గురించి ఉన్నదున్నట్టు చెప్పినా గ్రాంటు ఆగదని ఒక్కరికైనా చేసి చూపిస్తే తప్ప నోళ్లు తెరుచుకోవు, నాకు రెండేళ్లు పట్టింది.

ఫీల్డ్‌మనిషి:
థాంక్స్ తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. ఇంటర్వ్యూకి వెళ్తున్నా. నా పాత సంస్థ అప్లికేషన్ వస్తే నేను ఆ గదిలోంచి లేచిపోతానని, ఆ సంగతి అందరికీ కనపడేలా పెట్టాలని ముందే రాసివ్వబోతున్నా. లెక్కలపుస్తకం గారూ, అప్పుడైనా మీ ఓటు మారుతుందా?

లెక్కలపుస్తకం:
రాతపూర్వకంగా ఉంటే సగం మారుతుందండి. మిగతా సగం మీ ఇన్వెస్ట్‌మెంట్ కమిటీలో ఎవరున్నారో చూశాక.