కరివేపాకు మొక్క మీద ఆకుపచ్చ పురుగులు: మందు కొట్టాలా, వదిలేయాలా?

ప్రశ్న:
కుండీలో పెంచుతున్న కరివేపాకు మొక్కకు లేత ఆకు నిలవడం లేదండీ. దగ్గరగా చూస్తే లావుపాటి ఆకుపచ్చ పురుగులు కనిపించాయి. పక్క రెమ్మ మీద పక్షి రెట్ట అనుకున్నది కూడా మెల్లగా కదిలింది! ఆకుపచ్చ పురుగును పుల్లతో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి, ఘాటు వాసన కూడా కొట్టింది. ఇవి విషపురుగులా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. వేపనూనె కొట్టమంటారా?

సమాధానం:
వేపనూనె పక్కన పెట్టేయండి, పిల్లల గురించి భయం కూడా అక్కర్లేదు. ఇవి కుట్టవు. ముట్టుకుంటే దురద పెట్టే నూగు కూడా వీటికి ఉండదు. మీరు చెప్పిన ఎర్ర కొమ్ములే మంచి ఆనవాలు. అది కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు. ఆ కొమ్ముల్ని ఆస్మెటీరియం అంటారు. మామూలుగా లోపలే ముడుచుకుని ఉంటాయి. చీమో సాలీడో మీదికొస్తే బయటికి చాచి వాసన వదులుతుంది, ప్రమాదం పోగానే మళ్లీ లోపలికి లాక్కుంటుంది. నిమ్మజాతి మొక్కల మీదే లైమ్ బటర్‌ఫ్లై పురుగు కూడా పెరుగుతుంది, చూడ్డానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. దాని కొమ్ములు మాత్రం పసుపు, నారింజ కలిసిన రంగులో ఉంటాయి.

పక్షి రెట్టలా ఉన్నది కూడా ఈ జాతిదే అయివుంటుంది, వయసులో చిన్నది, అంతే. తల్లి లేత ఆకుల మీద గుండ్రటి లేత పసుపు గుడ్లను ఒక్కొక్కటిగా పెట్టి పోతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగిలి పురుగు బయటికొస్తుంది, తిండి గుడ్డు పెంకుతోనే మొదలుపెడుతుంది. పెరిగేకొద్దీ నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. చివరిసారి విడిచాకే ఆ ఆకుపచ్చ రంగు, వీపు మీద కళ్లలాంటి మచ్చలు వస్తాయి. అసలు ఆకలి కూడా అప్పుడే! మీ మొక్క బోసిపోయింది ఈ దశలోని పురుగుల వల్లే. ఇంకొద్ది రోజుల్లో వాటంతటవే దిగిపోతాయి. కరివేపాకు బాగా వేళ్లూనిన మొక్కైతే మళ్లీ చిగురేస్తుంది.

మొక్క మరీ చిన్నదైతే పురుగున్న ఆకును అలాగే తుంచి నిమ్మ, నారింజ, బత్తాయి, మారేడు మొక్కల్లో దేని మీదైనా పెట్టండి. గులాబీ మీదో గడ్డిలోనో వదిలితే ఆకలితో చచ్చిపోతుంది. ఒక్క జాగ్రత్త: పురుగు కదలకుండా ఒకేచోట అతుక్కుని ఉంటే అది చర్మం విడవబోతోందేమో. ఆ సమయంలో కదపొద్దు. మందు కొట్టిన మొక్క రెమ్మలు తెచ్చి వేయొద్దు.

మళ్లీ అడిగినవారు:
హమ్మయ్య! చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో సందేహం. మొక్క చుట్టూ రెండు రకాల సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి. ఒకటి నల్లది, వెనక రెక్కల మీద తెల్లమచ్చల వరస ఉంది. రెండోదానికి ఎర్రమచ్చలున్నాయి. గుడ్లు పెడుతున్నది ఎర్రమచ్చలదే. మరి పురుగులు ఎవరివి?

సమాధానం:
ఈ జాతిలో నాకు బాగా ఇష్టమైన విషయం అడిగారు. రెండూ ఒకటే జాతి. తెల్లమచ్చల వరస ఉన్నది చాలావరకు మగది. ఆడవాటిలో మూడు రూపాలున్నాయి. ఒకటి అచ్చం మగదానిలాగే ఉంటుంది. మిగతా రెండింట్లో ఒకటి కామన్ రోజ్‌ను, ఇంకొకటి క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తాయి. ఆ రోజ్ సీతాకోకచిలుకలు పురుగుగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ జాతి మొక్కల్ని తిని వాటిలోని విషాన్ని ఒంట్లో నిలవ చేసుకుంటాయి. ఒకసారి వాటి రుచి చూసిన పక్షి మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. మన మార్మన్‌లో విషం లేదు, వేషం మాత్రం అదే.

తేడా తెలియాలంటే రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి. రోజ్ జాతుల ఒంటి మీద ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మార్మన్ ఒళ్లు నలుపు. గుడ్లు పెట్టే ముందు ఆడది ఏం చేస్తుందో కూడా గమనించండి. రెక్కలు ఆపకుండా అల్లాడిస్తూనే ముందుకాళ్లతో ఆకును టకటకా తడుతుంది. కాళ్లతోనే రుచి చూసి, తన పిల్లలు తినే ఆకు అవునా కాదా తేల్చుకుంటుంది.

ఇంత వేరుగా కనిపించేవి ఒకే జాతి ఆడవని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లోనే రాశాడు. ఆ తేడాకు మూలం డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువులో ఉందని 2014లో తేలింది. అనుకరణ రూపాన్నిచ్చే జన్యువు మగవాటిలోనూ ఉండొచ్చు, కానీ వాటి రెక్కల మీద కనబడదు. కాబట్టి ఒకే తల్లి పిల్లల్లో అక్కాచెల్లెళ్లు రెండు రకాలుగా వచ్చినా ఆశ్చర్యపోకండి.

ఇంకొకరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నిమ్మ మొక్క మీది పురుగు నిన్న పల్చగా విరేచనం చేసి, మొక్క దిగి ఎటో వెళ్లిపోతోంది. జబ్బు చేసిందా? అంతకుముందు ఇంకొకటి ప్యూపాగా (సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే గూటి దశ) మారి ఇప్పుడు నల్లబడింది. పారేయాలా?

సమాధానం:
మొదటిది ఆరోగ్యంగానే ఉందండీ. ప్యూపాగా మారే ముందు కడుపు ఖాళీ చేసుకుని చోటు వెతుక్కుంటుంది. ఏ పుల్లకో గోడకో తోక చివర అతికించుకుని, నడుం చుట్టూ పట్టుదారం కట్టుకుంటుంది. ప్యూపా పరిసరాల్ని బట్టి ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది. రెండిట్లో ఏదైనా మంచిదే.

నల్లబడినదాన్ని పారేయకండి. పది పన్నెండు రోజులు దాటుతుంటే పైపొర పల్చబడి లోపలి రెక్కల నలుపు బయటికి కనిపిస్తుంది, తెల్లమచ్చలు కూడా తెలుస్తాయి. అంటే ఒకట్రెండు రోజుల్లో బయటికొస్తుందని. అలా కాకుండా మచ్చలేవీ లేకుండా మసిబారి, చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే పరాన్నజీవి కందిరీగలు తినేసినట్టే. అదీ తోటలో జరిగే పనే, మనం చేయగలిగేది లేదు.

ప్యూపా రాలి కింద పడితే మెత్తటి కాగితం మీద పెట్టి, పక్కనే గరుకు పుల్ల ఒకటి నిలబెట్టండి. బయటికి రాగానే అది పైకెక్కి రెక్కలు కిందికి వేలాడదీయాలి. అప్పటికి రెక్కలు ముడతలు పడి, తడిగా ఉంటాయి. వేలాడే చోటు దొరక్కపోతే ముడతలతోనే గట్టిపడి ఇక ఎగరలేదు. ఆ సమయంలో ఎర్రటి చుక్కలు కారితే రక్తం అనుకుని కంగారు పడొద్దు, ప్యూపా దశలో పోగుపడిన వ్యర్థం అది. రెక్కలు పూర్తిగా ఆరేదాకా వేలు పెట్టకండి. దగ్గర్లో నూరువరహాలో మందారో పూసి ఉంటే తేనె కోసం అదే వెతుక్కుంటూ వెళుతుంది.